పాపికొండలలో ఛాయాచిత్రములు

1941వ సంవత్సరమున ఒక పాశ్చాత్య పండితుడు ఛాయాగ్రహణయంత్రముతో పాపికొండల నడుమ గోదావరి యొడ్డున నున్న కొండరెడ్ల పల్లెలకు వచ్చెను. ఆయన పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నా నగరమున జన్మించినవాడు. 1939లో మన దేశమునకు రాగానే యుద్ధము ప్రారంభమైనది. శత్రుదేశీయుడని యెంచి ప్రభుత్వమువా రాయనను నిజాము రాజ్యము దాటిపోకుండ కట్టడి చేసిరి. ఆ కట్టడియే కొండరెడ్ల చరిత్రకు లాభించినది. 1945లో లండనున వెలువడిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అను గ్రంథము దాని ఫలమే.

కొండరెడ్లు పోడు వ్యవసాయము చేయువారు. వారి మాతృభాష తెనుగే. భూదేవియు కొండదేవతలును వారికి ముఖ్యులు. విత్తుటకు ముందు భూమికి కోడిని బలి యిత్తురు. కొత్తపండుగ జరుగక మునుపు మామిడికాయ నోట బెట్టరు.

ఈ మాట విని మా తరగతిలో నొక బాలుడు ఫక్కున నవ్వెను. నేను వానిని మందలింపలేదు. వాని యీడున నేనును నవ్వియే యుందును. కాని గృహ్యసూత్రములు తీసి చూడుడు. ఆగ్రయణమను కర్మ యొకటి కలదు. క్రొత్తపంటను దేవతలకు సమర్పింపక గృహస్థుడు భుజింపరాదు. శరత్తున వరికి, వసంతమున యవలకు, వర్షర్తువున చామలకు ఇదే నియమము. సంస్కృతమున నున్నచో ధర్మము, మామిడిచెట్టు క్రింద జరిగినచో మూఢాచారమా? కోడిబలిని నేను సమర్థించుట లేదు. ఒకే కొలతతో కొలువవలెనని మాత్రమే నా మనవి.

ఇక ఛాయాచిత్రమున నొక చిక్కున్నది. పూజారి చేయి కనబడును, బలి కనబడును. పంట తప్పినచో పిల్లలకేమి పెట్టుదునను వాని బెంగ కనబడదు. అప్పు అసలే కనబడదు. వెదురు కొట్టించి గోదావరిపై దిగువకు తేలించు వర్తకులు కొండరెడ్లను తీరని బాకీలలో నెట్లు బిగించిరో ఆ గ్రంథమందే వ్రాయబడియున్నది. బొమ్మలు మాత్రము చూచిన సంస్కర్త ముందు కోడిని విడిపింపబూనును; పుటలు చదివినవాడు ముందు వర్తకుని ఖాతాపుస్తకము చూపుమనును. హైమెన్‌డార్ఫ్ చదివించినది ఈ రెండవ పాఠమే. 1945లో నిజాము ప్రభుత్వమున గిరిజనుల విషయమై సలహాదారుగా నియమింపబడిన పిదప ఆయన పాటుపడినదియు దీనికే.

ఆయన తీసిన వేలకొలది చిత్రములు నేడు లండను విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచ్యవిద్యాసంస్థలో భద్రముగా నున్నవి. ఆ పల్లెలకు మాత్రము భద్రత లేదు. 2014లో ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు చేరిన మండలములలో వేలేరుపాడు ఒకటి. అందలి కోయిదా మొదలగు నదీతీర గ్రామములు పోలవరము ముంపులోనివి. మనుష్యులకు కాలనీలు కట్టవచ్చును. కొండదేవత రాతికి కాలనీ యెక్కడ?

ఆ చిత్రముల ప్రతులను పునరావాస కాలనీల పాఠశాలలకు తెప్పించుట అసాధ్యము కాదు. ముదుసళ్లు ఇంకను కొందరున్నారు. ఈ రాయి ఏ దేవతదో, ఆ పడవ ఏ రేవున నిలిచినదో, ఆ పూజారి ఎవరి తాతయో వారు చెప్పగా పిల్లలు చిత్రముల క్రింద వ్రాసికొనవలెను.