లూసియానా క్రయపత్రం

లూసియానాని అమెరికా కోటిన్నర డాలర్లకి కొన్నదనీ, ఎకరం మూడు సెంట్లు పడిందనీ ఇక్కడ బడికెళ్ళే ప్రతి పిల్లకీ తెలుసు. ఇల్లు కొన్న మనవాళ్ళకి ఇంకోటి కూడా తెలుసు: బేరమాడిన ధర వేరు, క్లోజింగ్ నాటి అంకె వేరు. 1803 నాటి కాగితాల్లో ఏముందో చూద్దామనిపించింది.

ఏప్రిల్ 30 తేదీతో ఉన్న ఆ పత్రాలు మూడు. మొదటిది అప్పగింత ఒడంబడిక. అందులో ధర లేదు సరికదా, హద్దులూ లేవు! స్పెయిన్ చేతిలో ఎంత ఉండేదో అంత, అన్నారు. మన పల్లెటూరి కరణం ఎవరూ అలా రాసి ఉండడు.

రెండోది ధర చెబుతుంది: 6 కోట్ల ఫ్రాంకులు. డాలరుకి 5.3333 ఫ్రాంకులని మారకం రేటు కూడా అక్కడే బిగించారు. అంటే కోటీ పన్నెండున్నర లక్షల డాలర్లు. అదీ రొక్కం కాదు, 6 శాతం వడ్డీ బాండ్లు. అసలు తీర్చడం పదిహేనేళ్ళ తర్వాతే మొదలు. ఏటా 6,75,000 చొప్పున ఆ పదిహేనేళ్ళ వడ్డీయే కోటి డాలర్లు దాటుతుంది. కోటిన్నర అన్న అంకెలో ఈ వడ్డీ లేదు.

మూడోది తమాషా అయినది. ఫ్రాన్సు అమెరికా వర్తకులకి పడ్డ బాకీలు, 2 కోట్ల ఫ్రాంకుల దాకా, అమెరికాయే తీర్చాలి. భూమి ధరలో నాలుగో వంతు ఇలా సొంత పౌరులకే వెళ్ళింది.

ఇక నెపోలియన్‌కి యుద్ధానికి డబ్బు తొందర. వంద డాలర్ల బాండుని ఎనభై ఏడున్నరకే హోప్, బేరింగ్ సంస్థలకి అమ్ముకున్నాడు. బేరింగ్ వాళ్ళు ఇంగ్లీషువాళ్ళు. అంటే శత్రుదేశపు బ్యాంకే ఆయనకి డబ్బు సర్దింది.

అన్నిటికన్నా పెద్ద పద్దు ఈ మూడింటిలోనూ లేదు. ఆ నేల మీద ఉన్నది ఓసేజ్, సూ వంటి తెగలవాళ్ళు. ఒడంబడిక ఆరో అధికరణం వాళ్ళతో స్పెయిన్ చేసుకున్న ఒప్పందాల్ని పాటిస్తామని మాటిచ్చింది. నిజానికి ఫ్రాన్సు అమ్మింది నేల కాదు, ఆ నేలని వాళ్ళ దగ్గర ఇంకెవరికన్నా ముందు కొనుక్కునే హక్కు. తర్వాత ఒక్కొక్క తెగతో వేరే ఒప్పందాలు, వేరే చెల్లింపులు, కొన్నిచోట్ల సైన్యం. రాబర్ట్ లీ అనే చరిత్రకారుడు 2017లో ఆ చెల్లింపులన్నీ కూడితే సుమారు 260 కోట్ల డాలర్లు తేలింది. వాటిలో చాలా భాగం, భూమి పోయిన ఎన్నో దశాబ్దాలకి, కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చినవే.