గుత్తిలో లేని గుత్తి సాలీడు

ఒళ్లంతా నీలిరంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు. ప్రపంచంలో అందమైన సాలీళ్ల పేర్లు చెప్పమంటే చాలామంది ముందు చెప్పేది గుత్తి సాలీడునే. గుత్తిలో మాత్రం అది బతకదు.

1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలీడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ పోకాక్‌ దగ్గరికి చేరింది. దాని లోహపు మెరుపు చూసి ఆయన 'పొయిసిలోథీరియా మెటాలికా' అని పేరు పెట్టాడు. పొయిసిలోథీరియా అన్నది భారత్, శ్రీలంకల్లో చెట్ల మీద బతికే పెద్ద సాలీళ్ల ప్రజాతి. కొత్త జాతికి తొలి నమూనాయే సాక్ష్యం. ఆ నమూనా ఎక్కడ దొరికితే అదే దాని ఊరని రాసుకుంటారు. అలా గుత్తి దాని స్వస్థలమైంది.

ఆ తర్వాత 102 ఏళ్లు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనబడింది, గుత్తికి ఈశాన్యాన దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో. ఈ సాలీడు పాత చెట్ల తొర్రల్లో గూడు అల్లుకుని పగలంతా అందులోనే దాక్కుంటుంది. చెట్టును నరికితే దుంగతోపాటే పోతుంది. ఆ అడవి గుండా రైలు పంతొమ్మిదో శతాబ్దంలోనే నడిచింది. కలపతోపాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందన్నది శాస్త్రవేత్తల అంచనా. నాకూ అదే సబబుగా తోస్తుంది.

దాని నీలం రంగుపదార్థం కాదు. వెంట్రుకల్లోని అతిసూక్ష్మ నిర్మాణాలు కాంతిని చెదరగొట్టడం వల్ల పుట్టే రంగు. ఈ సాలీడు కూడా చేరిన టరాంటులాల్లో ఇలాంటి నీలం వేర్వేరుగా కనీసం ఎనిమిదిసార్లు పుట్టిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. వాటికి రంగులు సరిగా కనిపించవని భావించి, ఇది జత కోసం పెట్టుకున్న సింగారం కాకపోవచ్చని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. మరి ఎందుకన్నది ఇంకా తేలలేదు.

విదేశాల్లో దీన్ని ఇళ్లలో పెంచుతున్నారు, పిల్లల్ని పుట్టించి అమ్ముతున్నారు. ఇక్కడ సొంత అడవిలో మాత్రం 2008 నాటి అంచనాలో దీని తావు 100 చదరపు కిలోమీటర్ల లోపే. అందులోనూ కలపకూ వంటచెరుకుకూ చెట్లు కొట్టేస్తుంటే దానికి తొర్రలు కరవవుతున్నాయి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే తీవ్ర ముప్పున్న జాతుల్లో చేర్చింది. అప్పట్లో పక్క అడవుల్లోనూ వెతికారు. ఒక్కటీ కనబడలేదు.