జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: గుట్టలు, చెరువులు, పాత ఊళ్ల మీదుగా సైకిల్ యాత్ర

సామానంతా సైకిల్‌కే కట్టుకుని, రోజుకు యాభై నుంచి వంద కిలోమీటర్ల దాకా తొక్కుతూ, దారిలోని ఊళ్లను చూస్తూ సాగే ప్రయాణాన్ని సైకిల్ యాత్ర అంటారు. పందెం, గడువు ఇందులో ఉండవు. తెలంగాణలో ఇలాంటి యాత్రకు చక్కగా సరిపోయే నేల పాత వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11న ఆ జిల్లాను విడదీసినప్పుడు ఏర్పడిన కొత్త జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. ఈ మూడింటినీ కలుపుతూ గుర్తులు నాటిన సైకిల్ మార్గం అంటూ ఏదీ లేదు. ఊరికీ ఊరికీ నడుమ బీటీ రోడ్లు, చెరువు కట్టలు, గుట్టల సందుల్లో మొరం బాటలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. చాలాచోట్ల నాలుగైదు కిలోమీటర్లు పోగానే మరో ఊరు వస్తుంది. మంచినీళ్లు, చాయ, గాలి పంపు దొరకడం కష్టం కాదు.

సైకిల్ మీద దేశం చూడటం యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దంలోనే అలవాటైంది. ఇంగ్లండులో యాత్రికుల సంఘం 1878లో పుట్టింది. ఫ్రాన్స్‌లో వెలోసియో అన్న కలంపేరుతో రాసిన పాల్ ద వీవీ (1853–1930) కొండదారుల్లో గేర్ల అవసరాన్ని పట్టుబట్టి చాటాడు. ఆకలి కాకముందే తినాలని, దాహం వేయకముందే తాగాలని ఆయన చెప్పిన నియమాలకు వరంగల్ ఎండల్లో విలువ మరీ ఎక్కువ. నేడు సైకిల్ యాత్రికుల్లో చాలామంది మధ్యధరా ప్రాంతానికి వెళ్తారు. ఇటలీలో టస్కనీ కొండల మట్టిరోడ్లు తారు కింద మాయమైపోతాయన్న బాధతో 1997లో గయోలే అనే ఊళ్లో ‘లెరోయికా’ యాత్ర మొదలుపెట్టారు. పాత సైకిళ్లతో తెల్లమట్టి బాటల మీద ఏటా సాగే ఆ యాత్ర వల్ల ఆ బాటల విలువ తెలిసింది. స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో త్రముంతానా కొండల మెట్ల పొలాలను, రాతిగోడలను, నీటికాల్వలను కలిపి యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడ సైకిల్ తొక్కేవాళ్లు చూసేది కొండలను ఒక్కటే కాదు, ఆ కొండల్లో మనుషులు నీటిని నిలబెట్టుకున్న తీరును కూడా. ఆ చూపుతో వస్తే ఈ మూడు జిల్లాలు ఎవరికీ తీసిపోవు. ఇక్కడ ఆ పని చేసినవి కాకతీయుల కాలపు చెరువులు.

నేల తీరు

జనగామ సముద్రమట్టానికి దాదాపు 380 మీటర్ల ఎత్తున ఉంది. గోదావరి ఒడ్డున కాళేశ్వరం దగ్గర ఆ ఎత్తు వంద మీటర్లకు దిగుతుంది. పడమటి నుంచి తూర్పుకు తొక్కేవారికి మొత్తం మీద ఇది దిగుడు దారే. కాని ఆ మాట నమ్ముకుని బయల్దేరితే కాళ్లకు మోసం జరిగినట్టుంటుంది, ఎందుకంటే చిన్న చిన్న ఎక్కుళ్లు రోజంతా వస్తూనే ఉంటాయి. ఘాటురోడ్లలాగా గంటలకొద్దీ ఎక్కవలసిన చోట్లు మాత్రం లేవు.

దారి పొడవునా రాయి మారిపోతుంది. జనగామ చుట్టూ గ్రానైటు బోడిగుట్టలు, బండల మీద బండలు. మహబూబాబాద్ ఉత్తరాన, తూర్పున గూడూరు, బయ్యారం, కొత్తగూడ వైపు పాకాల శ్రేణి అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే పురాతన అవక్షేప శిలలు, వాటి మీద అడవి కమ్మిన గుట్టలు. బయ్యారం ఇనుప ఖనిజం ఈ పట్టీలోదే. భూపాలపల్లికి వచ్చేసరికి ఇసుకరాయి, దాని అడుగున గోండ్వానా బొగ్గు. సింగరేణి గనులు తవ్వుతున్నది ఈ పొరనే. బస్సు కిటికీలోంచి ఈ మార్పు అంతగా తెలియదు. సైకిల్ మీద మాత్రం టైరు కింది మట్టి రంగు మారుతుండగా తెలిసిపోతుంది.

జనగామ: కవులు, తిరుగుబాటుదార్లు

హైదరాబాదు నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ సుమారు 85 కిలోమీటర్లు. ఊరు ఇంకా రాకముందే పెంబర్తి తగులుతుంది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మ తేల్చడం ఇక్కడి విశ్వకర్మల విద్య. గుడి వాహనాలకు, ధ్వజస్తంభాలకు తొడుగులు చేసిన చేతులే నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుబుడ్లు చేశాయి. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. సుత్తి చప్పుడు వినిపించిన ఇంటి ముందు ఆగితే చాలు, పని చూపిస్తారు.

జనగామ దాటాక రహదారి మీదే పోవడం దండగ. లారీల హోరు తప్ప అక్కడ చూసేదేమీ ఉండదు. రఘునాథపల్లి మండలంలోకి తిరిగితే ఖిలాషాపురం వస్తుంది. కల్లుగీత కుటుంబంలో పుట్టి మొగల్ అధికారులను ఎదిరించిన సర్వాయి పాపన్న కోట ఇక్కడిది. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టిన పాపన్నను 1710లో చంపేశారు. రాతి బురుజులు నేటికీ నిలిచి ఉన్నాయి. ఊరివాళ్లు ఆ కథను తమ ఇంటి పెద్దల ముచ్చటలా చెబుతారు.

దక్షిణాన దేవరుప్పుల మండలంలో కడవెండి ఉంది. 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఈ ఊళ్లోనే. తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ మరణం నిప్పురవ్వ అయింది. అక్కడి నుంచి తూర్పుకు తొక్కితే పాలకుర్తి. కౌలుకు చేసిన భూమి పంటను దేశ్‌ముఖ్‌కు వదలనని చాకలి ఐలమ్మ నిలబడిన ఊరు ఇది. ద్విపదలో బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు కూడా ఇదే. గుట్ట మీద సోమేశ్వర, లక్ష్మీనరసింహ స్వాముల ఆలయం ఉంది. కొద్ది కిలోమీటర్లలోనే బమ్మెర. భాగవతాన్ని తెలుగు చేసిన పోతన స్వగ్రామం ఇదేనని ఇక్కడివారి నమ్మకం. ఒంటిమిట్ట వారితో ఆ విషయమై పాత వివాదం ఉన్నా, బమ్మెరలో పోతన పొలం, పోతన బావి అంటూ చూపిస్తారు. పక్కనే వల్మిడి. వాల్మీకి ఇక్కడ తపస్సు చేశాడని చెప్పుకుంటారు. విసునూరు గడీ నీడలోనే ఇంత సాహిత్యం, ఇంత తిరుగుబాటు ఒక పూట తొక్కుడు దూరంలో ఉన్నాయి. మూడు జిల్లాల్లో ఒక్క రోజే వీలైతే ఆ రోజును ఇక్కడ గడపాలి. ఈశాన్యంగా జఫర్‌గఢ్ గుట్టమీది కోట చూసుకుని వెళ్లేవారూ ఉన్నారు. ఆ చివరి ఎక్కుడు సైకిల్ దిగి నడవక తప్పనిది.

మానుకోట అడవి అంచు

పాలకుర్తి నుంచి తొర్రూరు మీదుగా మహబూబాబాద్ చేరవచ్చు. స్థానికులకు అది ఇప్పటికీ మానుకోటే. దారికి అటూ ఇటూ మిర్చి చేలు, పత్తి, చెరువుల కింద వరి. మధ్యలో లంబాడీ తండాలు. ఈ వైపు చిన్నగూడూరులో 1925లో దాశరథి కృష్ణమాచార్య పుట్టారు. నిజాం జైలులో ఉండి పద్యం రాసిన కవి ఊరు చూడాలనుకునేవారు కాస్త చుట్టు తిరగాలి. కురవి వీరభద్రస్వామి ఆలయం సూర్యాపేట రోడ్డు మీదే ఉంటుంది.

దక్షిణాన డోర్నకల్ రైల్వే జంక్షన్‌గా పేరున్న ఊరు. ఆ ఊరి చర్చి అంతకంటే గొప్పది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య పట్టుదలతో లేచిన కథీడ్రల్ అది. ప్రతిష్ఠ 1939లో జరిగింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు హిందూ దేవాలయాన్ని తలపిస్తాయి. క్రైస్తవం పరదేశి వేషంలో ఉండకూడదన్న అజరయ్య ఆలోచన ఆ రాళ్లలో కనిపిస్తుంది.

బయ్యారం చెరువు కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ పదమూడో శతాబ్ది ఆరంభంలో తవ్వించినది. అక్కడి శాసనం కాకతీయుల వంశక్రమాన్ని చెబుతుంది. ఆ వంశం పూర్వీకుల గురించి చరిత్రకారులకు తెలిసినదానిలో చాలా భాగం ఈ చెరువు కట్ట దగ్గర నిలిపిన రాతి నుంచే వచ్చింది. చెరువు తవ్వించిన ఆడపడుచు తన పుట్టింటి చరిత్రను కూడా అక్కడే చెక్కించింది. ఇంతకంటే ముఖ్యమైన మజిలీ ఈ యాత్రలో మరొకటి లేదని చెప్పవచ్చు.

గూడూరు మండలంలో భీముని పాదం జలపాతం వానాకాలం చివర చూడదగ్గది. కొత్తగూడ, గంగారం మండలాలు కోయలు ఎక్కువగా ఉండే ఏజెన్సీ ప్రాంతం. ఇక్కడ అడవి దట్టం, ఊళ్లు దూరం. ఎలుగుబంట్లు తిరిగే దారుల్లో పొద్దు గూకాక సైకిల్ తొక్కకూడదు. నర్సంపేట వైపు వెళ్తే వరంగల్ జిల్లాలో పాకాల చెరువు ఉంది. పదమూడో శతాబ్దంలో గుట్టల మధ్య కట్ట వేసి నిలిపిన నీరు నేటికీ పొలాలకు పారుతోంది.

భూపాలపల్లి మీదుగా గోదావరికి

నర్సంపేట, మల్లంపల్లి, ములుగు మీదుగా ఉత్తరానికి పోతే పాలంపేట వస్తుంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి 2021లో యునెస్కో జాబితాకెక్కింది. 2019లో ములుగు విడిగా జిల్లా అయ్యాక ఈ గుడి భూపాలపల్లి పరిధి దాటిపోయినా, యాత్రలో దాన్ని విడదీయలేం. అక్కడికి దగ్గర్లోనే భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లు ఉన్నాయి. ప్రాకారం లోపల గణపేశ్వరాలయం, చుట్టూ దాదాపు ఇరవై చిన్న గుళ్లు. రామప్పలో ఉండే రద్దీ ఇక్కడ ఉండదు. పక్కనే గణపసముద్రం. చెరువు, గుడి, ఊరు మూడూ కలిపి కట్టడమన్న కాకతీయుల పద్ధతి ఇంత స్పష్టంగా కనిపించే చోటు అరుదు.

రేగొండ మండలం తిరుమలగిరి దగ్గర పాండవుల గుట్టల ఇసుకరాయి చరియల కింద ఆదిమానవుల రంగుబొమ్మలు ఉన్నాయి. 1990లో ఇవి లోకానికి తెలిశాయి. చరియల దాకా బండలెక్కి నడవాలి కాబట్టి సైకిల్‌ను కింద ఊళ్లో వదలడం మేలు. భూపాలపల్లి నుంచి కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం సుమారు 60 కిలోమీటర్లు. బొగ్గు లారీల వల్ల పట్టణం దగ్గర తెల్లవారుజామునే బయల్దేరడం మంచిది. తరువాత టేకు అడవి. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ముక్తీశ్వరాలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ.

కాలం, సైకిల్, దారి ఇబ్బందులు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. మేలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. వానాకాలంలో చెరువులు నిండి అందంగా ఉంటాయి కాని మత్తడి దూకినప్పుడు లోలెవల్ కల్వర్టుల మీది నీటిలోకి దిగకూడదు. కోతల రోజుల్లో రోడ్డు సగం వడ్లతో, మక్కలతో నిండి ఉంటుంది. అంచున రాళ్లు పేర్చి, రాత్రి నల్ల పరదా కప్పుతారు. చీకట్లో అది కనిపించదు. ఆ ధాన్యం ఒక కుటుంబం ఏడాది కష్టం. టైరు దాని మీదికి ఎక్కించకుండా దిగి నడిపించుకు పోవాలి.

ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. ముందు చిన్న పళ్లచక్రం, వెడల్పాటి టైర్లు, గట్టి క్యారియర్ ఉంటే చాలు. ఊళ్లలో సైకిల్ షాపులు చాలామటుకు బండ్ల పంక్చర్ షాపులుగా మారాయి. మామూలు సైకిల్ ట్యూబులు దొరుకుతాయి, గేరు సైకిళ్ల సన్న ట్యూబులు దొరకవు. రెండు ట్యూబులు, పంపు, చైను లింకు వెంట ఉండాలి. బస హనుమకొండ, మహబూబాబాద్, భూపాలపల్లి, కాళేశ్వరాలలో దొరుకుతుంది. జనగామ, మహబూబాబాద్, డోర్నకల్ మూడూ సికింద్రాబాద్–కాజీపేట–విజయవాడ దారిలో రైలు ఆగే ఊళ్లే, సైకిల్‌ను లగేజీగా బుక్ చేయవచ్చు. భూపాలపల్లికి రైలు లేదు. కాళేశ్వరంలో యాత్ర ముగించేవారు బస్సు మీద వరంగల్ చేరాలి, లేదా ఇంకో రెండు రోజులు తొక్కాలి.