కంఠమును కన్నుల జూచిన గాయకుడు

శిష్యుని గాత్రము చెడినప్పుడు ఆ దోషము తన బోధనయందే యున్నదేమోయని విచారించుకొను సంగీతగురువు మిక్కిలి అరుదు. సాధన చాలలేదనియో, పూర్వజన్మసుకృతము కొదువయనియో చెప్పి తప్పించుకొనుట లోకరీతి. ఈ విచారమునకే దీర్ఘజీవితమును ధారవోసిన మాన్యుయెల్ గార్సియా చరిత్రము చదువరులకు తెలియదగినది.

ఇతడు 1805లో స్పెయినుదేశమున జనించెను. తండ్రికిని ఇదే పేరు. రోసీనీ తన 'సెవిల్లే మంగలి' యను ఆపెరాలో, అనగా సంగీతనాటకములో, అల్మవీవా పాత్రమును ఆ తండ్రికొరకే రచించెను. 1825లో ఈ కుటుంబము న్యూయార్కునకు బోయి ఆ నాటకమునే యాడెను. తండ్రి అల్మవీవా, కుమార్తె మరియా రోసీనా, ఇరువదేండ్ల మన కథానాయకుడు ఫిగరో. మరియా పిమ్మట మాలిబ్రాన్ అను పేర ఐరోపాఖండమునంతయు మోహింపజేసినది. అన్నకు మాత్రము ఆ యదృష్టము పట్టలేదు. గాత్రము చిన్నది, తండ్రి శాసనము పెద్దది. ఇరువదియైదేండ్లు నిండునప్పటికే యతడు రంగస్థలమును విడిచెను.

1830లో ఫ్రెంచిసేనవెంట అల్జీర్సునకు బోయెను. సైనికవైద్యశాలలలో పనిచేసి శరీరనిర్మాణమును, అందు ముఖ్యముగా కంఠనాళమును, శ్రద్ధతో పరిశీలించెను. పారిసులో పాటలు చెప్పుకొనుచునే 1840లో మానవకంఠధ్వనినిగూర్చి శాస్త్రపరిషత్తునకు ఒక నివేదిక సమర్పించెను. గాయకునకు శాస్త్రపరిషత్తుతో నేమి పనియని నవ్వినవా రుండకపోరు!

1841లో స్వీడనునుండి జెన్నీ లిండ్ అను యువతి యాతని గుమ్మమునకు వచ్చెను. స్వదేశమున అప్పటికే కీర్తి గడించినది. కాని యెడతెగక నాటకములాడుటచే కంఠము బొంగురువోయినది. గార్సియా విని, పాఠము మొదలిడలేదు. ఆరువారములు పాడవలదనియు, మాటలుకూడ వీలైనంత తగ్గింపవలెననియు ఆజ్ఞాపించెను. ఇరువది యేండ్లుగా బడిలో గొంతు చించుకొనుచున్న నాకు ఈ భాగము చదివినప్పుడెల్ల అసూయ కలుగును. గడువు దీరిన పిదప ఊపిరి పట్టుటనుండి తిరిగి నేర్పెను. 1842లో ఆమె స్వదేశమునకు మరలునప్పటికి గాత్రము బాగుపడియుండెను. తరువాతి కీర్తి లోకవిదితము. 1883లో లండనునందలి రాజకీయ సంగీతకళాశాలలో ఆమెయు ఆచార్యపదవి నొందెను.

వాయువు హృదయకంఠశిరస్సులయందు చరించి స్వరభేదముల గలిగించునని మన పాణినీయశిక్ష చెప్పుచున్నది. గొప్ప యూహయే. కాని చూచినవారెవ్వరు? లండనువైద్యుడు బాబింగ్టన్ 1829లోనే అద్దముతో ప్రయత్నించెను. అయినను పాడుచున్న కంఠమును స్పష్టముగా చూచిన కీర్తి గార్సియాదే. 1854లో పండ్లవైద్యులు వాడు పొడుగుకాడ చిన్నయద్దమును కొని, వేడినీట వెచ్చజేసి తుడిచి, అంగిటిమీది కొండనాలుక కానించెను. చేతియద్దముతో సూర్యకిరణములను దానిపైకి మరల్చెను. తన స్వరరంధ్రము తెరచుకొనుటయు మూసుకొనుటయు అందు కనబడెను! 1855లో లండను రాయల్ సొసైటీకి తన పరిశీలనలను దెలిపెను. కొద్దియేండ్లలో టుర్క్, చెర్మాక్ అను వైద్యులు ఆ సాధనమును రోగపరీక్షకు వినియోగించిరి.

అతని బోధనలో వివాదము లేకపోలేదు. స్వరము నారంభించునప్పుడు స్వరరంధ్రము చక్కగా మూసి విడువవలెననెను. కొందరనుచరులు దానిని కంఠమును కొట్టుటగా గ్రహించి శిష్యుల గాత్రములను పాడుచేసిరి. ఇది రొమ్ముతో నెట్టుట కాదని ముసలితనమున 1894లో వెలువడిన గ్రంథమునందు సయితము అతడు హెచ్చరింపవలసివచ్చెను. పేరు పెట్టుటలో నతనిదికూడ కొంత తప్పుకలదని నా యభిప్రాయము. దెబ్బయను మాట విన్న శిష్యుడు కొట్టక మానునా?

1848 మొదలు 1895 వరకు లండను రాయల్ అకాడమీలో బోధించెను. 1905 మార్చి 17న నూరేండ్లు నిండినప్పుడు ఆ నగరముననే యుత్సవము జరిగెను. గాయకులతోపాటు దేశదేశముల కంఠవైద్యులును వందనమొనర్చిరి, రాజులు బిరుదములిచ్చిరి. చిత్రకారుడు సార్జెంటు వ్రాసిన పటమును ఆతనికి బహూకరించిరి. మరుసటియేట జూలై 1న అతడు లండనులో మృతినొందెను.