సొంత వికీ నడుపుతున్నారా..? మీడియావికీ 1.43కి మారే ముందు ఇవి చూసుకోండి

వికీపీడియా నడిచేది మీడియావికీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద. దాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. కాలేజీ నోట్స్ కోసమో, ఆఫీసు పనుల వివరాల కోసమో, ఊరి చరిత్ర రాసుకోవడానికో ఇలా వికీ పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. చిక్కల్లా తర్వాతే. ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక ఏళ్ల తరబడి దాని జోలికి ఎవరూ పోరు. ఏదో ఒక రోజు హోస్టింగ్ కంపెనీ పీహెచ్‌పీ వెర్షన్ మార్చేస్తుంది, పాత వికీ తెల్ల పేజీ చూపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది హడావిడి.

మీడియావికీ నంబర్లు చూసి చాలామంది పొరబడతారు. 1.39 నుంచి 1.43 అంటే చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, ఇక్కడ చుక్క తర్వాత వచ్చే ప్రతి అంకె ఒక పెద్ద వెర్షనే. 1.43.0 నుంచి 1.43.1 లాంటివి మాత్రమే చిన్న అప్‌డేట్లు. వీటిలో కొన్నింటికి మూడేళ్ల పాటు సెక్యూరిటీ సపోర్ట్ ఉంటుంది. వాటినే ఎల్‌టీఎస్ వెర్షన్లు అంటారు. 2020లో వచ్చిన 1.35, 2022లో వచ్చిన 1.39, 2024 డిసెంబర్‌లో వచ్చిన 1.43 అలాంటివే. 1.39 గడువు 2025 చివరి వరకే. 1.43కి 2027 డిసెంబర్ దాకా ఉంది. ఏటా రెండుసార్లు సర్వర్ ముందు కూర్చునే ఓపిక లేనివాళ్లకు ఎల్‌టీఎస్ ఒక్కటే సరైన దారి.

ఒకేసారి దూకితే కుదరదు

1.43కి నేరుగా రావాలంటే ప్రస్తుతం ఉన్నది కనీసం 1.35 అయి ఉండాలి. అంతకన్నా పాతదైతే ముందు 1.35కి వెళ్లి, అక్కడి నుంచి 1.43కి రావాలి. ఇక్కడే పీహెచ్‌పీతో పేచీ వస్తుంది. 1.35కి పీహెచ్‌పీ 7.3 లేదా 7.4 ఉండాలి, 8తో సరిగా నడవదు. 1.43కేమో కనీసం 8.1 కావాలి. అంటే మధ్యలో పీహెచ్‌పీని కూడా మార్చాల్సిందే. షేర్డ్ హోస్టింగ్‌లో ఇంకో మెలిక ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో 8.1 అని కనిపించినా, కమాండ్ లైన్‌లో పాత పీహెచ్‌పీయే నడుస్తూ ఉండొచ్చు. అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు రెండూ చూసుకోవాలి.

బ్యాకప్ ఉందనుకోవడం వేరు.. ఉండటం వేరు

తెలుగు వికీలకు అసలు ప్రమాదం ఇక్కడే. చాలా ఏళ్ల కిందట పెట్టిన వికీల్లో డేటాబేస్ టేబుళ్లు లాటిన్-1 అని రాసి ఉంటాయి. లోపల ఉన్నది మాత్రం యూటీఎఫ్-8 తెలుగు. వికీ తెరిస్తే అంతా బాగానే కనిపిస్తుంది. కానీ మామూలుగా డంప్ తీస్తే, ఆ టూల్ దాన్ని నిజంగానే లాటిన్ అనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మార్చేస్తుంది. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. అవి విడిపోయి పేజీ నిండా నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ అక్షరాలు, డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు వస్తాయి. పాత సర్వర్ తీసేశాక ఇది బయటపడితే, పదేళ్ల రాత అంతా చదవడానికి పనికిరాకుండా పోయినట్టే.

అందుకే ముందు టేబుళ్లు ఏ క్యారెక్టర్ సెట్‌లో ఉన్నాయో చూసి, డంప్ కమాండ్‌లో అదే సెట్ పేరు ఇవ్వాలి. ఆ డంప్‌ను వేరే ఖాళీ డేటాబేస్‌లో ఎక్కించి, అదే పాత వెర్షన్ కాపీతో రెండు మూడు తెలుగు పేజీలు తెరిచి చూడాలి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కనిపిస్తేనే అది బ్యాకప్. డేటాబేస్ ఒక్కటే సరిపోదు. అప్‌లోడ్ చేసిన ఫొటోలు ఉండే ఇమేజెస్ ఫోల్డర్, లోకల్ సెట్టింగ్స్ ఫైల్ కూడా కాపీ తీసుకోవాలి. డంప్ తీసే ముందే ఆ సెట్టింగ్స్ ఫైల్‌లో వికీని రీడ్-ఓన్లీ చేస్తే, మధ్యలో ఎవరో చేసిన మార్పు పోయిందన్న గొడవ ఉండదు.

కొత్త వెర్షన్‌ను పాత ఫోల్డర్ మీద పరచకూడదు. పాత ఫైళ్లు కొన్ని అక్కడే మిగిలిపోయి, ఎందుకు వస్తున్నాయో తెలియని ఎర్రర్లు ఇస్తాయి. కొత్త ఫోల్డర్‌లో విప్పి, సెట్టింగ్స్ ఫైల్, ఫొటోలు మాత్రం అందులోకి తెచ్చుకోవాలి. ఎక్స్‌టెన్షన్లు, స్కిన్లు పాతవి పెట్టొద్దు. 1.43 కోసం ఉన్న కాపీలే మళ్లీ దించుకోవాలి. ఎవరూ పట్టించుకోని ఎక్స్‌టెన్షన్ ఉంటే ముందు దాన్ని ఆపేసి పని కానివ్వడం మేలు. సగం అప్‌గ్రేడ్లు ఆగేది వీటి దగ్గరే.

తర్వాత రీడ్-ఓన్లీ తీసేసి, మెయింటెనెన్స్ ఫోల్డర్‌లోని అప్‌డేట్ స్క్రిప్ట్ నడపాలి. టేబుళ్ల నిర్మాణాన్ని మార్చేది ఇదే. పేజీలు, పాత కూర్పులు ఎక్కువగా ఉంటే చాలాసేపు పడుతుంది. సర్వర్‌కు కనెక్షన్ తెగినా ఆగకుండా స్క్రీన్ లాంటి టూల్‌లో నడపడం మంచిది. కమాండ్ లైన్ లేనివాళ్లకు బ్రౌజర్ నుంచే నడిపే దారీ ఉంది కానీ, పెద్ద వికీ అయితే మధ్యలో టైమౌట్ కొట్టొచ్చు.

ఒక్కసారి ఈ స్క్రిప్ట్ నడిచాక వెనక్కి వెళ్లే బటన్ లేదు. పాత వెర్షన్ కావాలంటే పాత బ్యాకప్ ఎక్కించడమే. కాబట్టి ఇదంతా ముందు టెస్ట్ కాపీ మీద చేసి, ఆ తర్వాతే అసలు దాని మీదకు రావాలి.

అయిపోయాక వెర్షన్ పేజీ తెరిచి నంబర్ చూడండి. లాగిన్ అవ్వండి, ఒక పేజీ మార్చి సేవ్ చేయండి, ఒక ఫొటో అప్‌లోడ్ చేయండి, తెలుగు పదంతో సెర్చ్ కొట్టండి. తెల్ల పేజీ వస్తే సెట్టింగ్స్‌లో ఎర్రర్ వివరాలు చూపించే ఆప్షన్ కాసేపు ఆన్ చేస్తే ఏ ఎక్స్‌టెన్షన్ అడ్డం పడిందో తెలుస్తుంది. పని అవగానే దాన్ని ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. పాత ఫోల్డర్‌ను, బ్యాకప్‌ను కనీసం కొన్ని వారాలైనా కదపకండి.