లె మోర్న్ గాలి



మీ పిల్లల అట్లాసు ఒకసారి తెరవండి. నైరుతి రుతుపవనాల బాణాలు భూమధ్యరేఖ దగ్గరే మొదలైనట్టు ఉంటాయి. తరగతిలో నేనూ చాలా ఏళ్లు అక్కడినుంచే గీసేవాణ్ణి. అది సగం కథే. రేఖకు దిగువన ఆ గాలి ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనం. రేఖ దాటాక మలుపు తిరిగి మనకు వాన తెస్తుంది. దాని దారిలోనే మారిషస్ దీవి ఉంది.

ఆ దీవి నైరుతి మూలన, లె మోర్న్ కొండ కింద, చిన్న అఖాతం. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ గాలి నిలకడగా కొడుతుంది. ఎదురుగా పగడపు దిబ్బ గోడలా నిలిచి పెద్ద అలలను ఆపుతుంది. లోపల నీరు చాలాచోట్ల నడుము లోతే. అందుకే పలకమీద తెరచాప నిలిపే విండ్ సర్ఫింగ్ వాళ్లు, గాలిపటం కట్టుకుని నీటిమీద జారే కైట్ సర్ఫింగ్ వాళ్లు దేశదేశాల నుంచి వస్తారు. దిబ్బ బయట విరిగే అలకు ‘వన్ ఐ’, అంటే ఒంటికన్ను, అని పేరు. కొండలోని కన్నులాంటి రంధ్రం కనబడే చోటట అది. చేయి తిరిగినవాళ్లే అక్కడికి పోవాలి. అలలు దిబ్బ మీదుగా లోపలికి తోసిన నీళ్లన్నీ ఒక సందులోంచే మళ్లీ బయటపడాలి గనుక, అక్కడి ప్రవాహం మనిషిని నడిసముద్రానికి లాగేస్తుంది.

తెరచాప పలక 1960లలో అమెరికాలో పుట్టింది. నీళ్లలో పడినా మునగని, గాలి నింపిన పటానికి 1984లో ఫ్రాన్సులో ఇద్దరు అన్నదమ్ములు పేటెంటు తీసుకున్నారు. ఆటలు నిన్నమొన్నటివి. కొండ కథ పాతది.

ఎత్తు 556 మీటర్లు. తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ గుహల్లో దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి వస్తున్న సిపాయిలను చూసి, పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని కొందరు పైనుంచి దూకేశారని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

మరి చెరకు తోటల్లో పని ఎవరు చేయాలి? మనవాళ్లే వెళ్లారు. యానాం పక్కన ఉన్న కోరంగి రేవు నుంచి 1843లో తెలుగు కూలీలతో ఓడ బయలుదేరింది. అక్కడ వాళ్లకు కోరంగీలనే పేరు పడింది. వాళ్ల మునిమనుమలు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు.

ఫిబ్రవరి 1, ఉగాది, రెండూ అక్కడ ప్రభుత్వ సెలవులే. రెండూ తుఫానుల కాలంలో వస్తాయి. నిలకడైన గాలి కోసం ఆటగాళ్లు మే దాకా ఆగాల్సిందే.