కొత్త బాటసారి చేతిలో కైరో పటం: మఖ్రీజీ కాలం నుంచి నేటి వరకు

పెద్ద నగరానికి కొత్తగా వెళ్ళినవాడు మొదట దారి అడుగుతాడు. దారి చెప్పినవాడు నమ్మదగినవాడా కాదా అన్న ఆలోచన ఆ తర్వాత వస్తుంది. పటం కూడా దారి చెప్పేవాడి వంటిదే. దానిని ఎవరు గీసినారు, ఎప్పుడు గీసినారు, ఎవరి అవసరం కొరకు గీసినారు అని విచారించకుండా చేతపట్టుకుంటే, అది ఒకవైపు దారి చూపుతూనే మరొకవైపు సగం నగరాన్ని మన కంటికి కనబడకుండా చేస్తుంది. ఈ సంగతి గ్రహించడానికి కైరో నగర చరిత్రకు మించిన ఉదాహరణ అరుదు.

కైరో ఒక్కసారిగా పుట్టిన నగరం కాదు. 641-42లో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) నెలకొల్పిన ఫుస్తాత్ మొదటిది. అబ్బాసీల రాకతో దానికి ఉత్తరాన అల్-అస్కర్ వెలిసినది. 870లో అహ్మద్ ఇబ్న్ తులూన్ అల్-ఖతాయీని నిర్మించినాడు. 905లో అబ్బాసీ సేనలు దానిని నేలమట్టం చేసినప్పుడు ఆయన కట్టించిన గొప్ప మస్జిదు మాత్రం మిగిలినది. 969లో, అనగా హిజ్రీ 358లో, ఫాతిమీ సేనాని జౌహర్ ఇంకా ఉత్తరాన అల్-ఖాహిరాకు పునాది వేసినాడు. 1176లో సలాహుద్దీన్ కొండమీద కోట నిర్మాణం ప్రారంభించినాడు. ఒకదాని పక్కన ఒకటి పుట్టి, ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఇన్ని ఊళ్ళను ఒకే కాగితం మీద చూపడం సామాన్యమైన పని కాదు.

పూర్వకాలపు యాత్రికుల చేతిలో పటం లేదు. 1047లో కైరో చేరిన నాసిర్ ఖుస్రో నగరాన్ని తన కాళ్ళతో కొలిచినాడు. దుకాణాలు ఇరవై వేలకు తక్కువ ఉండవని అంచనా వేసి తన యాత్రా గ్రంథంలో వ్రాసుకున్నాడు. ఆ తర్వాత నాలుగు శతాబ్దాలకు తఖీయుద్దీన్ మఖ్రీజీ (1364-1442) మాటలతోనే ఒక మహాపటాన్ని రచించినాడు. ఆయన కైరోలోని బర్జవాన్ మొహల్లాలో పుట్టి పెరిగినవాడు. ముహ్తసిబ్ పదవిలో బజార్ల తూనికలు, కొలతలు, ధరలు తనిఖీ చేసినవాడు. అందుచేత ఆయనకు తెలియని సందు లేదు. హిజ్రీ 806 (1403-04) ప్రాంతంలో నైలునది సరిగా పొంగక కరవు వచ్చినది. ఎన్నో వాడలు పాడుపడినవి. ఉన్నది పోకముందే, పోయినది మరపున పడకముందే వ్రాసిపెట్టాలని ఆయన పూనుకున్నాడు. ‘ఖితత్’ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆయన గ్రంథం మొహల్లాలు, వీధులు, బజార్లు, సరాయిలు, హమామ్‌లు, మస్జిదులు, మద్రసాలు అన్న వరుసలో సాగుతుంది. ప్రతి చోటునూ ఎవరు కట్టినారో, దానికి ఆ పేరు ఎట్లా వచ్చినదో, తన కాలానికి అది ఏ స్థితిలో ఉన్నదో చెబుతుంది. గీతల పటంలో దొరకనిది ఇదే: చోటు మాత్రమే కాదు, చోటు యొక్క జ్ఞాపకం.

ఐరోపావారి పటాలు వేరొక దృష్టితో పుట్టినవి. 1549లో వెనిస్‌లో మత్తెయో పగానో అచ్చువేసిన కైరో చిత్రం ఆకాశం నుంచి పక్షి చూసినట్లుగా ఉంటుంది. చూడ ముచ్చటైనదే గాని, దానిని పట్టుకొని సందులో నడవలేము. కొలతలు వేసి శాస్త్రీయంగా తీసిన పటం 1798లో దండెత్తి వచ్చిన నెపోలియన్ సేన వెంట వచ్చినది. ఆ దండయాత్రలోని పండితులు, ఇంజనీర్లు తయారు చేసిన పటం, జొమార్ వ్రాసిన వివరణతో, 1809 నుంచి ప్రచురితమైన ‘ఈజిప్టు వర్ణన’ అనే మహాసంపుటాలలో చేరినది. పనితనంలో అది మెచ్చదగినదే. కాని దాని వెనుక నడిచిన చరిత్రను మరువరాదు. అప్పటి కైరోలో మొహల్లాలకు తలుపులు ఉండేవి, రాత్రి మూసేవారు. సేనలు స్వేచ్ఛగా తిరగడానికి ఆ తలుపులను ఫ్రెంచివారు ఊడబీకించినారు. 1798 అక్టోబరులో ప్రజలు తిరగబడగా కోట మీది ఫిరంగులు జామె అజ్హర్ వైపు తిరిగినవి, గుర్రపు రౌతులు మస్జిదులోకి ప్రవేశించినారు. ఈ ఘటనలను కళ్ళారా చూసిన అబ్దుర్రహ్మాన్ జబర్తీ తన చరిత్రలో నమోదు చేసినాడు. నగరాన్ని చదవడం, నగరాన్ని లొంగదీయడం అక్కడ ఒకే చేతి పనులైనవి.

పందొమ్మిదవ శతాబ్దంలో పరిస్థితి ఇంకొక మలుపు తిరిగినది. ఖదీవ్ ఇస్మాయీల్ కాలంలో పారిస్ తరహా వెడల్పు వీధులు వేసినారు. అజ్బకియా నుంచి కోట దిశగా తిన్నగా సాగిన ముహమ్మద్ అలీ వీధి కొరకు దారిలో ఉన్న ఎన్నో ఇళ్ళు, కట్టడాలు కూలినవి. విచిత్రమేమనగా, ఆ పనులకు సంబంధించిన మంత్రి అలీ ముబారక్‌యే తర్వాత మఖ్రీజీ బాటలో ఇరవై సంపుటాల ‘అల్-ఖితత్ అల్-తౌఫీఖియా’ వ్రాసినాడు. వీధులు వేయించినవాడే వాడల జ్ఞాపకాన్ని కూడా కూర్చినాడు. 1881లో ప్రాచీన కట్టడాల రక్షణకు ఒక కమిటీ ఏర్పడినది. కట్టడాలకు వరుస సంఖ్యలు ఇచ్చినారు. 1948లో ఈజిప్టు సర్వే శాఖ ఆ సంఖ్యలతో, 1:5000 ప్రమాణంలో, ఇస్లామీయ కట్టడాల పటం వెలువరించినది. ఇబ్న్ తులూన్ మస్జిదు 220, సుల్తాన్ హసన్ మద్రసా 133, అజ్హర్ 97. పేరు పలకడం రాని పరదేశి కూడా సంఖ్య చూసి కట్టడాన్ని గుర్తించగలడు.

ఈ చరిత్ర నుంచి బాటసారి నేర్చుకోవలసిన పాఠాలు మూడు.

మొదటిది ప్రమాణం. 1:5000 పటంలో ఒక సెంటీమీటరు యాభై మీటర్లకు సమానం. 1:25,000 పటంలో అదే సెంటీమీటరు రెండువందల యాభై మీటర్లు. బాబుల్ ఫుతూహ్ నుంచి బాబె జువైలా వరకు ఉన్న కిలోమీటరు పైచిలుకు దూరం మొదటి దానిలో జానెడు కన్న ఎక్కువ, రెండవ దానిలో బొటనవ్రేలంత. ఆ దారిలోనే 1125లో కట్టిన అల్-అఖ్మర్ మస్జిదు ఉన్నది. దాని ముఖభాగం వీధి వెంట ఉంటుంది, లోపలి భాగం ఖిబ్లా వైపు తిరిగి ఉంటుంది. వీధికీ ఖిబ్లాకూ మధ్యనున్న ఆ కోణాన్ని గోడ మందం సర్దుకున్నది. చిన్న ప్రమాణపు పటానికి అది ఒక చుక్క మాత్రమే.

రెండవది పేర్లు. ఆంగ్ల పటాలలో ‘పాత కైరో’ అంటే ఫుస్తాత్ ప్రాంతం, అమ్ర్ మస్జిదు ఉన్న చోటు. అజ్హర్ చూడదలచి అక్కడ దిగినవాడు మైళ్ళు వెనక్కి రావలసిందే. ‘ఇస్లామీయ కైరో’ అన్న పేరు కూడా యాత్రికుల కొరకు ఏర్పడినదే. మస్జిదులు నగరమంతటా ఉండగా ఒక మూలకు ఆ పేరు తగిలించడం, ఇస్లాంను గడచిన కాలపు వస్తువుగా చూపడమే అవుతుంది. అక్కడి జనం నోట వినబడేవి జమాలియా, దర్బుల్ అహ్మర్ వంటి పేర్లు. ఆ పేర్లున్న పటమే దారి అడగడానికి పనికివస్తుంది.

మూడవది సంవత్సరం. 1948 నాటి పటంలో 1987లో మొదలైన మెట్రో ఉండదు, 2005లో తెరచిన అజ్హర్ పార్కు ఉండదు. కట్టడానికి పాత పటం, రాకపోకలకు కొత్త పటం, రెండూ వెంట ఉండాలి. చేతిలోని ఫోను దగ్గరి దారి చెబుతుంది. ఆ దారిలో ఎవరు నడిచినారో, ఏ తలుపు ఎందుకు ఊడినదో దానిని అడిగితే తప్ప చెప్పదు. అడగాలని తోచడానికి కొంత చదివి ఉండాలి.

హైదరాబాదు పాతబస్తీ చూపించడానికి అతిథిని తీసుకువెళ్ళే మనకు కూడా ఇది వర్తిస్తుంది. చార్మినార్ ఒక్కటే చుక్కగా ఉన్న పటం ఇచ్చి పంపితే ఆయన చార్మినార్ ఒక్కటే చూసి తిరిగివస్తాడు. మఖ్రీజీ పుట్టిన మొహల్లా పేరు మనకు ఈనాటికీ తెలియడానికి కారణం, ఒకరు శ్రద్ధగా వ్రాసిపెట్టడమే. మన మొహల్లాల పేర్లు, ఆ పేర్ల వెనుకటి కథలు ఎరిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని అడిగి వ్రాసుకునే పని రేపటికి వాయిదా వేయదగినది కాదు.